పీయూష గ్రంథి – పెరుగుదల హార్మోను విడుదలలో సెరటోనిన్ పాత్ర: హైదరాబాదు పోషకాహార పరిశోధనల వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: పీయూష గ్రంథి నుంచి పెరుగుదల హార్మోను విడుదల కావడంలో సెరటోనిన్ ప్రధానంగా పరోక్ష పాత్ర వహిస్తుంది. ఆ విధానాన్ని వివరించి, రక్తంలోని హార్మోను పరిమాణాన్నే పిల్లల ఎదుగుదలకు కొలమానంగా భావించడం ఎందుకు సరికాదో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సెరటోనిన్, ట్రిప్టోఫాన్, హైపోథాలమస్, పీయూష గ్రంథి, పెరుగుదల హార్మోను, జొన్న.

1. ఉపోద్ఘాతం

జనసామాన్యంలో సెరటోనిన్‌కు ‘సంతోష రసాయనం’ అన్న పేరు స్థిరపడింది. పెరుగుదల హార్మోను అనగానే పిల్లల ఎత్తు గుర్తుకు వస్తుంది. ఈ రెండు భావనలను కలిపి, ఒకటి పెరిగితే రెండవది కూడా పెరుగుతుందనీ, దానితో బిడ్డ ఎత్తు పెరుగుతుందనీ నమ్మేవారు ఉన్నారు. ఈ నమ్మకంలోని ప్రతి మెట్టునూ విడివిడిగా పరిశీలించవలసి ఉంది.

2. ఆహారం నుంచి మెదడు వరకు

సెరటోనిన్‌కు మూలపదార్థం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. దీనిని శరీరం స్వయంగా తయారుచేసుకోలేదు. ఆహారం ద్వారానే పొందాలి. ట్రిప్టోఫాన్ మొదట 5-హైడ్రాక్సీట్రిప్టోఫాన్‌గా, ఆపై సెరటోనిన్‌గా మారుతుంది. శరీరంలోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం జీర్ణవ్యవస్థలోనే ఉంటుంది. అది రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అవరోధాన్ని దాటలేదు. కనుక మెదడు తనకు కావలసిన సెరటోనిన్‌ను తానే తయారుచేసుకోవాలి. అందుకు అవసరమైన ట్రిప్టోఫాన్ ఆ అవరోధాన్ని దాటడానికి ల్యూసిన్ వంటి ఇతర అమైనో ఆమ్లాలతో పోటీ పడుతుంది.

3. విడుదల విధానం

పెరుగుదల హార్మోనును పీయూష గ్రంథి ముందుభాగంలోని కణాలు స్రవిస్తాయి. ఆ స్రావాన్ని నియంత్రించేది దానికి పైనున్న హైపోథాలమస్. ఇది రెండు విరుద్ధ సంకేతాలను పంపుతుంది. 1982లో గుర్తించిన విడుదల హార్మోను స్రావాన్ని ప్రేరేపిస్తే, 1973లో గుర్తించిన సొమాటోస్టాటిన్ దానిని అణచివేస్తుంది. మెదడు కాండంలోని సెరటోనిన్ నాడీకణాల తంతువులు హైపోథాలమస్‌కు చేరుతాయి. అవి ఈ రెండు సంకేతాల సమతుల్యతను మార్చడం ద్వారా పీయూష గ్రంథిని ప్రభావితం చేస్తాయి. సెరటోనిన్ గ్రాహకాలు అనేక రకాలు కావడం వల్ల ఏ గ్రాహకం ఉత్తేజితమైందన్న దానిపై ఫలితం ఆధారపడుతుంది.

4. మానవులలో లభించిన ఆధారాలు

1973లో జపాన్ పరిశోధకులు 5-హైడ్రాక్సీట్రిప్టోఫాన్ ఇచ్చినప్పుడు మనుషుల రక్తంలో పెరుగుదల హార్మోను పెరుగుతుందని ప్రకటించారు. అదే సంవత్సరం మరొక బృందం ఇన్సులిన్ ద్వారా రక్తంలో చక్కెర తగ్గించినప్పుడు సహజంగా కలిగే హార్మోను పెరుగుదలను, సెరటోనిన్‌ను అడ్డుకునే సైప్రోహెప్టాడిన్ తగ్గిస్తుందని చూపింది. అయితే ఈ ఔషధం హిస్టమిన్‌ను కూడా అడ్డుకుంటుంది. కాబట్టి దీని ఫలితాన్ని పూర్తిగా సెరటోనిన్‌కే ఆపాదించలేము. జంతుప్రయోగాల ఫలితాలను అన్వయించడంలోనూ జాగ్రత్త అవసరం. ఒత్తిడి మానవులలో ఈ హార్మోనును పెంచుతుంది, ఎలుకలలో తగ్గిస్తుంది.

5. హైదరాబాదు పరిశోధనలు

దక్కను మెట్టప్రాంతాలలో జొన్న తరతరాలుగా ప్రధానాహారం. జొన్న తినే పేదలలో పెల్లాగ్రా వ్యాధి కనిపించడానికి అందులోని అధిక ల్యూసిన్ కారణం కావచ్చని 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా ప్రతిపాదించారు. ఈ ప్రతిపాదనపై తరువాత చర్చ జరిగింది. వారు పనిచేసిన హైదరాబాదు పరిశోధనాలయమే 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. 1970ల తొలి భాగంలో కమలా కృష్ణస్వామి, టి.సి. రఘురామ్ ఎలుకల మెదడులోని సెరటోనిన్‌పై ల్యూసిన్ ప్రభావాన్నీ, పెల్లాగ్రా రోగులలో సెరటోనిన్ జీవక్రియనూ అధ్యయనం చేశారు. పళ్లెంలోని ధాన్యానికీ మెదడులోని నాడీసంకేతానికీ గల సంబంధాన్ని ఈ కృషి పరిశోధనాంశంగా నిలబెట్టింది.

ఇక్కడ గమనించవలసిన మరొక అంశం ఉంది. క్వాషియోర్కర్ బారిన పడిన పిల్లల రక్తంలో పెరుగుదల హార్మోను తగ్గలేదనీ, పైగా ఎక్కువగా ఉందనీ 1966లో దక్షిణాఫ్రికా పరిశోధకులు వెల్లడించారు. అయినా ఆ పిల్లలు ఎదగరు. ఈ హార్మోను సందేశాన్ని అందుకుని కాలేయం ఐజిఎఫ్-1 అనే పదార్థాన్ని తయారుచేయాలి. తగిన మాంసకృత్తులు, శక్తి అందనప్పుడు కాలేయం ఆ పని సరిగా చేయలేదు. ఆజ్ఞ అందుతుంది కాని దానిని అమలుపరచడానికి సరుకు ఉండదు.

6. ముగింపు

పై పరిశీలనను బట్టి ఆహారం, ట్రిప్టోఫాన్, సెరటోనిన్, హైపోథాలమస్, పీయూష గ్రంథి, కాలేయం ఒకే గొలుసులోని లంకెలని గ్రహించవచ్చు. ఒక్క లంకెను బలపరిచినంత మాత్రాన గొలుసంతా బలపడదు. ఎలుకలలో తేలిన దానిని మనుషులకు నేరుగా వర్తింపజేయలేని ఇటువంటి రంగంలో ప్రయోగానికి తగిన జంతుజాతిని ఎంచుకోవడం కీలకం. షామీర్‌పేట సమీపంలోని జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి నెలకొల్పిన జాతీయ జంతు వనరుల కేంద్రానికి గల ప్రాధాన్యాన్ని ఈ కోణంలో అర్థం చేసుకోవాలి. బిడ్డ ఎదుగుదల విషయంలో మాత్రం మందుబిళ్ల కంటే ముందుగా చూడవలసింది ఆ బిడ్డ కంచంలో ఏముందన్నదే.