10 లక్షల గడులు, 15 రోజుల ఆయుష్షు

ఏ దరఖాస్తులోనైనా అవును, కాదు అని రాసి పక్కన చిన్న చదరపు గడులు ఉంటాయి కదా, టిక్కు పెట్టడానికి. 2024 జూన్ 26న నోలెన్ రాయల్టీ అనే అమెరికన్ ప్రోగ్రామర్ అలాంటి గడులు 10 లక్షలు ఒకే వెబ్ పేజీలో పేర్చి, 'వన్ మిలియన్ చెక్‌బాక్సెస్' అని పేరు పెట్టి లోకం మీదికి వదిలాడు. ఆటంతా అంతే. మీరు ఒక గడిలో టిక్కు పెడితే ఆ పేజీ తెరిచిన ప్రతివాళ్ల తెర మీదా అది పడుతుంది. ఇంకెవరో తీసేస్తే అందరికీ పోతుంది. గెలుపు లేదు, ఓటమి లేదు, పక్కవాళ్లతో మాట్లాడే వీలు కూడా లేదు. రెండు రోజుల్లో రాసేసిన ఈ ఆటకు మహా అయితే కొన్ని వందల మంది వస్తారనుకున్నాడు రాయల్టీ. వచ్చినవాళ్లు 5 లక్షల పైచిలుకు.

లోపలి యంత్రం కూడా చూడటానికి సాదాసీదాదే. టిక్కు ఉంటే 1, లేకపోతే 0. గడికి ఒక బిట్టు. 10 లక్షల బిట్లంటే 125 కిలోబైట్లు. ఫోనుతో తీసిన ఒక్క ఫొటో దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. కొత్తగా వచ్చినవారికి సర్వర్ ఈ మొత్తాన్నీ పంపి, ఆ తర్వాత మారిన గడుల సంగతి మాత్రం కట్టలు కట్టి పంపుతూ ఉంటుంది. బ్రౌజర్ కూడా పని తప్పించుకునే రకమే: కంటి ముందున్న గడులే గీస్తుంది, మిగతావి మీరు కిందికి జరిపినప్పుడు చూసుకుంటుంది. ఇంత పొదుపు చేసినా జనం తాకిడికి సర్వర్ అల్లాడిపోయింది. మొదట పైథాన్‌లో రాసిన దాన్ని ఒక స్నేహితుడి సాయంతో గో భాషలో తిరగరాయాల్సి వచ్చింది.

ఇక జనం చేసింది ఊహించుకోవచ్చు. ముందొకరు నాటుకుంటూ పోతుంటే వెనకే ఒకరు పీక్కుంటూ వచ్చారు. రెండు వారాల్లో పడిన టిక్కులు 65 కోట్లు, అంటే సగటున గడికి 650. ఒకే గడిని అన్నిసార్లు నింపారంటే దాదాపు అన్నిసార్లూ ఎవరో ఖాళీ చేశారన్నమాటే. ముక్కూమొహం తెలియనివాళ్ల సహకారానికి ఇది గొప్ప ఉదాహరణ అని మొదటి రోజుల్లో ఎవరైనా అని ఉంటే నవ్వొచ్చేది.

పైగా బొమ్మలు గీయడానికి వీల్లేకుండా రాయల్టీ కావాలనే ఒక ఏర్పాటు చేశాడు. జనం చేతికి ఖాళీ గోడ దొరికితే బూతు బొమ్మలు వేస్తారని ఆయనకు తెలుసు. అందుకని వరుసకు ఎన్ని గడులన్నది చూసేవారి బ్రౌజర్ వెడల్పును బట్టి మారేలా పెట్టాడు. మీ తెర మీద పువ్వులా కనిపించేది నా ఫోనులో చెల్లాచెదురు టిక్కులే. ముగ్గులు వేసేవాళ్లకు ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది. ముగ్గుల పుస్తకంలో ప్రతి ముగ్గు కిందా 15 చుక్కలు, 15 వరుసలు అని రాసి ఉంటుంది. ఆ ఒక్క మాట తెలియకపోతే చేతినిండా పిండి ఉన్నా ముగ్గు పడదు.

కొద్ది రోజులకు రాయల్టీ తన డేటాబేసు తెరిచి, ఆ ఒకట్లనూ సున్నాలనూ అక్షరాలుగా చదివి చూస్తే అందులో ఒక వెబ్ చిరునామా కనిపించింది. ఒకచోట కాదు, మళ్లీ మళ్లీ. ఎవరో సర్వర్‌లోకి చొరబడ్డారని హడలిపోయాడు.

ఎవరూ చొరబడలేదు. కంప్యూటర్‌లో ఒక ఇంగ్లిష్ అక్షరానికి 8 బిట్లు, అంటే ఇక్కడ 8 గడులు. సరైన గడుల్లో టిక్కులు పెట్టుకుంటూ పోతే ఏ మాటైనా రాయొచ్చు. (తెలుగుకు ఖర్చెక్కువ. యూటీఎఫ్-8 పద్ధతిలో 'అమ్మ' రాయాలంటే 96 గడులు కావాలి. అందులో 42 టిక్కులు.) ఎవరో ఈ పని చేసే బాట్లు, అంటే తమంతట తామే టిక్కులు పెట్టే చిన్న ప్రోగ్రాములు రాసి వదిలారు. దారినపోయేవాళ్లు ఒక టిక్కు తీసేస్తే బాటు వెంటనే దాన్ని తిరిగి పెట్టేది. తీసినవాళ్లకు తాము చెరిపింది ఒక అక్షరమని తెలియను కూడా తెలియదు.

ఆ చిరునామా పట్టుకుని వెళితే డిస్కార్డ్‌లో ఒక చాట్ గది తగిలింది. లోపలున్నది ప్రోగ్రాములు రాసే కుర్రకారు, చాలావరకు టీనేజీ పిల్లలు. ఆ చిరునామా వాళ్లు పెట్టిన పొడుపుకథ. టిక్కుల వెనక అక్షరాలున్నాయని కనిపెట్టగలిగేది తమలాంటివాళ్లే కాబట్టి, విప్పినవాళ్లే లోపలికి వస్తారు. ఆటకర్త కూడా అలాగే వచ్చాడు. ఈ గడుల్ని 1000కి 1000 బొమ్మగా ఎప్పుడైనా చూశారా అని వాళ్లు ఆయన్నే అడిగారు. ఆయన చూడలేదు. వరుసకు 1000 గడులు అనుకుని పేరిస్తే అందులో బొమ్మలున్నాయి! పేజీలో ఎక్కడా లేని ఆ అంకె మీద వీళ్లందరికీ ఒప్పందం కుదిరింది. బూతు బొమ్మలు రాకుండా ఆయన కట్టిన అడ్డుగోడ మీద వీళ్లు ఆయనకే కనిపించని బొమ్మలు వేశారు. విండోస్ మొరాయించినప్పుడు వచ్చే నీలి తెర దగ్గర్నుంచి, రిక్ యాస్ట్లీ పాట వీడియో దాకా. వీడియో అంటే నిజంగా కదిలేదే.

బాట్లు వాడటం మోసం కాదా అని అడగొచ్చు. నియమాలున్న ఆటలో మోసమే. ఇక్కడున్న ఏకైక నియమం టిక్కు పెట్టొచ్చు, తీయొచ్చు అన్నది. పిల్లలు దాన్ని దాటలేదు. రాయల్టీ వాళ్లను తరిమేయకుండా కూర్చుని చూశాడు. ఈ కథలో నాకు బాగా నచ్చిన పని అదే.

దీనికి ఏడేళ్ల ముందు, 2017 ఏప్రిల్ 1న రెడిట్‌లో 'ప్లేస్' అనే ఆట వచ్చింది. తర్వాత 'వర్డిల్' అనే పదాల ఆట తయారుచేసిన జోష్ వార్డిల్ ఆలోచన అది. అక్కడా 1000కి 1000 చుక్కలే, కానీ 16 రంగులు, అందరికీ ఒకే తెర. ఒక చుక్క పెట్టాక నిమిషాల కొద్దీ ఆగితే గానీ రెండోది పెట్టనిచ్చేవారు కాదు. ఒంటరిగా ఒక పువ్వు పూర్తిచేయడమే గగనం కాబట్టి జనం గుంపులు కట్టక తప్పలేదు. 72 గంటల్లో 10 లక్షల మందికి పైగా చేయి వేశారు. సహకారాన్ని అక్కడ ఆట పుట్టించింది. గడుల ఆటలో బొమ్మల్ని అడ్డుకోవడానికే ఏర్పాటు ఉంది, అయినా సహకారం పుట్టింది. రెంటిలో నా ఓటు గడులకే.

ఎల్లకాలం నడపడానికి డబ్బూ ఓపికా ఎవరికుంటాయి? చివర్లో రాయల్టీ ఒక కొత్త నియమం పెట్టాడు: పెట్టిన టిక్కును కాసేపట్లో ఎవరూ తీయకపోతే అది బిగుసుకుపోతుంది, ఇక ఎవరి వల్లా కాదు. పీకేవాళ్లకు పని తగ్గుతూ వచ్చింది. జూలై 11తో ఆట ముగిసింది.