మైన్ అంటే నాదా, గనియా?

పులివెందులలో నేను ఇంగ్లీషు పాఠం చెబుతున్న రోజులవి. 1989వ సంవత్సరం. అర్ధసంవత్సర పరీక్షలో "దిస్ ల్యాండ్ ఈజ్ మైన్" అనే వాక్యాన్ని తెలుగు చేయమని ఇచ్చాను. "ఈ భూమి నాది" అని రాస్తే ఒక మార్కు. వేముల వైపు పల్లెనుంచి వచ్చే కుర్రవాడొకడు "ఈ భూమి గని" అని రాశాడు.

ఎర్రసిరాతో సున్న చుట్టి ఊరుకుంటే బాగుండేది. తరగతిలో పైకి చదివాను. పిల్లలంతా పకపక నవ్వారు. వాడు తల వంచుకుని, "డిక్షనరీలో అట్లే ఉండాది సార్" అన్నాడు. నేను వినిపించుకోలేదు.

నిజానికి నిఘంటువులో అట్లాగే ఉన్నది. ఇంగ్లీషులో మైన్‌లు రెండు. స్పెల్లింగు ఒకటే, పలకడమూ ఒకటే, చుట్టరికం మాత్రం లేదు. "నాది" అనే మైన్ ఇంగ్లీషువారి పాత ఇంటి సొత్తు. "గని" అనే మైన్ ఫ్రెంచివారి దగ్గరనుంచి వచ్చి చేరినది. మరి యుద్ధంలో పాతిపెట్టే మందుపాతరను కూడా మైన్ అంటారు కదా అని మీరు అడగవచ్చు. అది గనికి పుట్టిన బిడ్డే. పూర్వం శత్రువుల కోటగోడల కిందికి సొరంగం తవ్వి, అందులో మందు కూరి పేల్చేవారు. సొరంగం పేరు కాలక్రమాన మందుకు వచ్చింది.

ఆ తరువాత ప్రొద్దుటూరుకు బదిలీ అయింది. పత్తి వ్యాపారం సాగిన ఊరు. అమెరికాలో విట్నీ 1793లో 'జిన్' కనిపెట్టాడని పాఠంలో వస్తే, ఒక పిల్లవాడు లేచి, "బ్రాందీ లాంటిదా సార్?" అన్నాడు. వెనుక బెంచీలోంచి ఇంకొకడు, "కాదురా, దూదీ గింజా వేరుచేసే మిషను. మా నాయన పనిచేసేది అక్కడే" అని సర్దాడు. పత్తి జిన్ 'ఇంజన్' అనే మాటకు కురచ రూపం. తాగే జిన్ డచ్చివారి సరుకు, జూనిపర్ కాయల పేరుమీద వచ్చినది. అప్పటికి నాకు కొంత బుద్ధి వచ్చింది గనుక ఈసారి నవ్వలేదు.

జమ్మలమడుగులో ఉన్నప్పుడు పెన్న గట్టున నడుస్తూ 'బ్యాంక్' గురించి ఆలోచించేవాణ్ణి. ఏటిగట్టూ బ్యాంకే, డబ్బు దాచేదీ బ్యాంకే. ఇవి పూర్తిగా పరాయివి కావట. డబ్బు బ్యాంకు ఇటలీలో నాణేలు మార్చేవారు కూర్చునే బల్లనుంచి వచ్చింది. గట్టు ఉత్తరదేశాల దారిన వచ్చింది. వెనక్కు పోగా పోగా రెండింటికీ మూలపురుషుడు ఒక్కడే. దాయాదులన్న మాట!

ఇంగ్లీషును వెక్కిరించనక్కర లేదు. జమ్మలమడుగులోని మడుగు నీటిది. అడుగులకు మడుగులొత్తడంలోని మడుగు బట్ట. పెద్దల కాళ్ళకింద నీటిగుంట పరిస్తే ఏమవుతుంది?

2008లో పులివెందుల బస్టాండులో ఒకాయన వచ్చి చేయి పట్టుకున్నాడు. మీసాలు, కండువా. "బాగుండారా సార్? నేను గని అని రాసినోణ్ణి" అన్నాడు.

తుమ్మలపల్లెలో యురేనియం గనికి అంతకు ముందు సంవత్సరమే శంకుస్థాపన జరిగింది. ఆ గనికి తీసుకున్న భూముల్లో వాళ్ళ నాలుగెకరాల చీనీతోట కూడా పోయిందట.

"ఆ పొద్దు మీరు కొట్టేస్తిరి గానీ సార్, నేను రాసిందే నిజమైపాయ. నాది కాదు, గనే."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అంతమంది పిల్లల ముందు వాడు తల వంచుకున్న తీరు కళ్ళకు కట్టింది.

"నీ మార్కు నీకు ఇచ్చేస్తున్నానురా" అన్నాను.

"ఇప్పుడెందుకులే సార్, పాసైతిని గదా! కాఫీ తాగుదాం రాండి" అన్నాడు. నేను డబ్బు తీయబోతే చేయి అడ్డం పెట్టాడు. కాఫీ సగంలో ఉండగానే వేముల బస్సు వచ్చింది.