హాలు పట్టని శ్రోతలు

జూలై మధ్యలో మొదలై సెప్టెంబరు రెండో వారం దాకా, ఎనిమిది వారాలపాటు, లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఇంచుమించు ప్రతి రాత్రీ ఒక పెద్ద కచేరీ ఉంటుంది. ఈ ఉత్సవాన్ని బీబీసీ ప్రామ్స్ అంటారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి ఇంత పెద్ద వేసవి పండుగ మరోచోట కనిపించడం అరుదు. ఆ ఒక్క హాల్లోనే డెబ్బై దాకా కచేరీలు జరుగుతాయి, ఎన్నో దేశాల నుంచి వాద్యబృందాలు వస్తాయి. హాల్లో పట్టేది మాత్రం ఐదు వేల పైచిలుకు మంది. మిగతావాళ్ళు ఇంట్లో రేడియో పెట్టుకునో టీవీ ముందు కూర్చునో వింటారు. అలా ఇంట్లో కూర్చుని వినేవాళ్ళంటే సంగీతం తెలిసినవాళ్ళలో కొంతమందికి చిన్నచూపు. పెళ్ళికి వెళ్ళనివాడు పెళ్ళి వీడియో చూసి తృప్తిపడినట్టే ఇదీ అని వాళ్ళ భావన. ఆ భావన తప్పని చెప్పడానికి వేరే సాక్ష్యం వెతకనక్కర్లేదు, ఈ ఉత్సవం చరిత్రే చాలు. ఇంటి శ్రోత ఈ పండుగకి పిలవని చుట్టం కాదు. ఆ శ్రోత కోసమే ఇది బతికి బట్టకట్టింది.

మొదటి కచేరీ 1895 ఆగస్టు 10న లండన్‌లోని క్వీన్స్ హాల్లో జరిగింది. ఆ హాలు మేనేజరు రాబర్ట్ న్యూమన్‌ది ఆలోచన, బృందాన్ని నడిపించే కండక్టర్‌గా కుదిరినవాడు ఇరవై ఆరేళ్ళ హెన్రీ వుడ్. డబ్బు పెట్టింది జార్జ్ క్యాత్‌కార్ట్ అనే గొంతు వైద్యుడు. ఆయన రెండు షరతులు పెట్టాడు. వుడ్‌నే కండక్టర్‌గా పెట్టుకోవాలి, వాద్యాల శ్రుతిని కాస్త దించాలి. శ్రుతి అంత పైన ఉంటే గాయకుల గొంతులు దెబ్బతింటాయని ఆ వైద్యుడి బెంగ. నేల మీద నిలబడి వినేవాళ్ళకి టికెట్టు ఒక్క షిల్లింగు. నిలబడి, కావాలంటే అటూ ఇటూ నడుస్తూ వినే పద్ధతిని ప్రామెనేడ్ అనేవారు, ప్రామ్స్ అనే పొట్టి పేరు దానిలోంచే వచ్చింది. తినొచ్చు, తాగొచ్చు, చుట్ట కాల్చుకోవచ్చు. కచేరీ అంటే కోటు వేసుకున్న పెద్దమనుషుల వ్యవహారంగా ఉన్న ఊళ్ళో సాధారణ జనాన్ని తేలిక పాటలతో మొదలుపెట్టి మెల్లమెల్లగా బేతోవెన్ దాకా తీసుకెళ్ళాలని న్యూమన్ సంకల్పం. ఈ సంకల్పాన్ని గుర్తుంచుకుంటే తర్వాత జరిగినదంతా దానికి కొనసాగింపుగానే అర్థమవుతుంది.

న్యూమన్ 1926లో పోయాడు. అప్పటికి కొన్నేళ్ళుగా ఈ కచేరీల ఖర్చు భరిస్తున్నది చాపెల్ అనే సంగీత ప్రచురణ సంస్థ. దాని అధిపతి విలియం బూసీకి అప్పుడే పుట్టిన రేడియో అంటే గిట్టదు. ఇంట్లో ఉచితంగా వినిపిస్తే డబ్బిచ్చి హాలుకి ఎవరొస్తారన్నది ఆయన వాదం. దాన్ని పనికిమాలిన వాదమని తోసేయలేం. తమ సరుకు చేతిలోంచి జారిపోతోందని భయపడే వ్యాపారి ఎవరైనా అలాగే ఆలోచిస్తాడు. ఈనాటికీ ప్రతి కొత్త ప్రసార సాధనం వచ్చినప్పుడల్లా అదే భయం మళ్ళీ పైకొస్తుంది. చివరికి నష్టాలు మొయ్యలేక చాపెల్ తప్పుకుంది. ప్రామ్స్ ఆగిపోవాల్సిన సమయంలో ముందుకొచ్చింది బూసీ భయపడిన ఆ రేడియో సంస్థే. 1927 జనవరి 1న ప్రజా సంస్థగా మారిన బీబీసీ, ఆ వేసవిలోనే ప్రామ్స్‌ని చేతుల్లోకి తీసుకుంది. అంటే ప్రసారం వల్ల చచ్చిపోతుందనుకున్న పండుగ ప్రసారం వల్లే నిలబడింది. యుద్ధకాలంలో రెండేళ్ళు బీబీసీ పక్కకి తప్పుకున్నా మళ్ళీ 1942లో తిరిగొచ్చింది. హాలు ఉన్నా లేకున్నా పండుగ ఉంటుందని తేల్చినవి కూడా ఆ యుద్ధపు ఏళ్ళే. 1941 మే 10 రాత్రి బాంబు దాడిలో క్వీన్స్ హాలు కాలిపోయింది, ప్రామ్స్ ఆల్బర్ట్ హాలుకి మారాయి. 1944 వేసవిలో లండన్ మీద ఎగిరే బాంబులు పడుతుంటే ఆ హాల్లోనూ కచేరీలు ఆపాల్సి వచ్చింది. అప్పుడు కొన్ని కచేరీలు బెడ్‌ఫర్డ్ పట్టణం నుంచి రేడియోలో సాగాయి. ఆ వారాల్లో ప్రామ్స్ అంటే ఇళ్ళల్లో వినిపించిన ప్రామ్సే.

ఇక బూసీ భయపడినట్టు హాలు ఖాళీ అయిందా? ఆల్బర్ట్ హాల్లో ఇప్పటికీ ప్రామ్స్ రోజుల్లో నేల మీద, పై గ్యాలరీలో నిలబడి వినేవాళ్ళ కోసం చవక టికెట్లు అమ్ముతారు. ఈ మధ్యకాలంలో వాటి ధర ఎనిమిది పౌండ్లు. పేరున్న బృందం వస్తోందంటే వాటి కోసం వరస కడతారు. శాస్త్రీయ సంగీతం సంగతి వేరు అనేవాళ్ళు గ్లాస్టన్‌బరీని చూడొచ్చు. ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌లో ఒక పాడి రైతు పొలంలో 1970లో మొదలైన రాక్, పాప్ సంగీత జాతర అది. 1994లో ఛానల్ 4 దాన్ని టీవీలోకి తెచ్చింది, 1997 నుంచి బీబీసీ చూపిస్తోంది. ఇప్పుడు వేదికల మీద జరిగేదాంట్లో చాలా భాగం ఇంట్లోంచే చూడొచ్చు. అయినా 2025 జాతరకి, ఒక్కోటి 370 పౌండ్లు దాటిన టికెట్లు, ముప్ఫై ఐదు నిమిషాల్లో అయిపోయాయి. టీవీ జనాన్ని ఇంట్లో కట్టిపడేస్తుందన్న వాదానికి ఈ అంకె ముందు నిలిచే బలం లేదు. చూసినవాడికి వెళ్ళాలనిపిస్తుంది. వెళ్ళలేనివాడికి చూసే దారి ఉంటుంది. ఈ రెండింటికీ పోటీ ఎప్పుడూ లేదు.

టీవీ కేవలం హాలుకి తెరిచిన కిటికీ అనుకోవడం ఇంకో పొరపాటు. ఒక సింఫనీని ప్రత్యక్షంగా చూపించడం వెనక జరిగే పని తెలిస్తే ఆ మాట అనలేం. ప్రసార దర్శకుడు కచేరీకి చాలా ముందే స్వరలిపి ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఏ ఆవృత్తం దగ్గర ఏ వాద్యం ముందుకొస్తుందో గుర్తుపెట్టి, ఏ కెమెరా ఎప్పుడు దేనిమీద ఉండాలో వరసగా రాసుకుంటాడు. ప్రసార సమయంలో పక్కన ఒకరు స్వరలిపి చూస్తూ ఆవృత్తాలు లెక్కపెడుతూ హెచ్చరిస్తుంటారు. అందుకే ఒబో అనే ఊదే వాద్యం వాయించే మనిషి ఊపిరి తీసుకునే క్షణానికే మన కన్ను అక్కడ ఉంటుంది. ఇది సంగీతాన్ని చదివి చేసే వ్యాఖ్యానం. పాశ్చాత్య వాద్యబృందంతో పరిచయం లేని శ్రోతకి దీని విలువ ఇంతా అంతా కాదు. ఎనభై, తొంభై మంది ఒకేసారి వాయిస్తుంటే ఏ నాదం ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియక ఉక్కిరిబిక్కిరయ్యే చెవికి కన్ను దారి చూపుతుంది. తంబుర ఎక్కడుందో, మృదంగం ఎవరిదో వేదిక వైపు చూడగానే తెలిసే మన కచేరీకి అలవాటు పడినవాళ్ళకి ఈ సాయం మరీ అవసరం. కండక్టర్ ముఖం సంగతి చెప్పనే అక్కర్లేదు. హాల్లో ఆయన వెనక కూర్చున్నవాళ్ళకి కనిపించేది వీపు. 2007 ఆగస్టు 19న ప్రామ్స్‌లో వెనిజులా యువ వాద్యబృందం కండక్టర్ గుస్తావో దుదమెల్ చేతి కింద వాయించినప్పుడు ఆ పిల్లల ముఖాల్లో వెలుగుని దగ్గర నుంచి చూసింది ఇంటి శ్రోతలే.

ఇక్కడ అసలైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తప్పించుకోకూడదు. నాదం గాలిలో పుట్టి ఒంటికి తగిలే అనుభవం టీవీ స్పీకర్లో రాదు. నిజమే. డబుల్ బాస్‌ల మంద్ర నాదం కాళ్ళ కింద నేలలో తెలియడం, ఆల్బర్ట్ హాలు మహా ఆర్గన్ మోగితే ఛాతీ అదరడం ఇంట్లో జరగవు. అయితే హాల్లో ఉన్న అందరికీ శుద్ధమైన నాదం అందుతోందని అనుకోవడం కూడా సరికాదు. 1871లో తెరిచిన ఆల్బర్ట్ హాలు గుమ్మటం కింద ప్రతిధ్వని ఎంత పేరుమోసిందంటే, దాన్ని తగ్గించడానికి 1969లో పైకప్పు నుంచి పుట్టగొడుగుల్లాంటి ఫైబర్‌గ్లాస్ పళ్ళేలు వేలాడదీయాల్సి వచ్చింది. ఇప్పటికీ అక్కడ సీటుని బట్టి వినికిడి మారుతుంది. వాద్యాల దగ్గర వేలాడే మైకులు పట్టిన నాదంలో, పై వరసలో నిలబడినవాడికి అందని స్పష్టత ఉంటుంది. కాబట్టి ఇంట్లో లోటు ఉన్నది బలంలో. స్పష్టతలో కాదు. టీవీకి ఒక మంచి స్పీకరో, కనీసం చెవులకి హెడ్‌ఫోనో తగిలిస్తే ఆ లోటూ కొంత తగ్గుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. సంగీతం నలుగురి మధ్య వినేది, ఒంటరిగా సోఫాలో వినేది కాదు అంటారు. దీనికి 2020 జవాబు చెప్పింది. కొవిడ్ వల్ల ఆ ఏడాది మొదటి ఆరు వారాలు పాత రికార్డింగులే వినిపించారు, చివరి రెండు వారాలు శ్రోతలు లేని ఆల్బర్ట్ హాల్లోంచి ప్రత్యక్ష కచేరీలు ఇచ్చారు. వాయిద్యకారులు ఎడం ఎడంగా కూర్చున్నారు. వాయిద్యంలో లోపం లేదు, కెమెరా పనితనంలో లోపం లేదు. కానీ ఒక సింఫనీ ముగిశాక చప్పట్లు లేని ఆ నిశ్శబ్దం భరించరానిదిగా ఉండింది. దీన్నిబట్టి తేలేదేమిటంటే, ఇంటి శ్రోత ఒంటరి కాదు. నేల మీద నిలబడిన ఆ వెయ్యిమంది ఊపిరి బిగబట్టడం ఇంటి దాకా వస్తుంది. మెల్లని భాగంలో ఐదు వేలమంది దగ్గు కూడా ఆపుకున్నప్పటి నిశ్శబ్దానికి ఖాళీ హాలు నిశ్శబ్దానికి ఉన్న తేడా మైకుకి తెలుస్తుంది, మనకీ తెలుస్తుంది. 1968 ఆగస్టు 21న సోవియట్ ట్యాంకులు చెకోస్లోవేకియా రాజధాని ప్రాగ్‌లోకి చొరబడ్డ రోజున, సోవియట్ ప్రభుత్వ వాద్యబృందంతో కలిసి చెల్లో విద్వాంసుడు రొస్ట్రొపోవిచ్ చెక్ స్వరకర్త ద్వొర్జాక్ చెల్లో కన్చెర్టో ఇదే హాల్లో వాయించాడు. ఆ రాత్రి రికార్డింగు వింటే హాల్లోని ఉద్వేగం ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒంటికి తగులుతుంది. హాలుకి వెళ్ళేవాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళ తరఫున కూడా వెళుతున్నారు. అందుకే హాలు నిండటం ఇంటి శ్రోతకీ కావాలి.

నన్ను నిజంగా ఇబ్బందిపెట్టే అభ్యంతరం మూడోది. కెమెరా తాను చూసేదాన్ని మార్చేస్తుందన్నది అది. చివరి రాత్రినే చూడండి. 1947లో మొదటిసారి టీవీకెక్కిన ప్రామ్స్ రాత్రి అదే. తర్వాతి రెండు దశాబ్దాల్లో కండక్టర్ మాల్కమ్ సార్జెంట్ చేతుల్లో, టీవీ దీపాల కింద, ఆ రాత్రికి ఒక తంతు స్థిరపడింది. జెండాలు, రంగుల టోపీలు, స్వరకర్త ఎల్గార్ రాసిన మార్చ్‌కి హాలంతా గొంతు కలపడం, వుడ్ విగ్రహానికి ఆకుల దండ. ఆ విగ్రహం క్వీన్స్ హాలు శిథిలాల్లోంచి తీసినది కాబట్టి ఆ దండలో నిజమైన ప్రేమ ఉంది. కానీ ఆ ఒక్క రాత్రే చూసే లక్షలమందికి ప్రామ్స్ అంటే జెండాల పండుగ. బ్రిటన్‌లోనే ఆ రాత్రి పాడే పాటల్లోని సామ్రాజ్యపు మాటల మీద 2020లో పెద్ద గొడవే అయింది. ఎనిమిది వారాల్లో మిగిలిన రాత్రులన్నీ ఆ చివరి రాత్రి వెనక మాయమైపోతాయి. ఈ విషయంలో టీవీని సమర్థించలేను. అయితే ఇది ఇంట్లో చూడటంలోని లోపం కాదు, తక్కువ చూపించడంలోని లోపం. బీబీసీ రేడియో 3 ప్రతి ప్రామ్స్ కచేరీనీ ప్రత్యక్షంగా ఇస్తుంది, టీవీకి చేరేది అందులో ఒక భాగమే. బ్రిటన్‌లో టీవీ చూసే ఇంటివాళ్ళు 2025లో ఏడాదికి 174.50 పౌండ్ల లైసెన్సు రుసుము కట్టారు, ప్రామ్స్ నడిచేది ఆ డబ్బు అండతోనే. ఎక్కడో ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో ఉన్న ఇల్లూ లండన్ ఇల్లూ ఒకే మొత్తం కడుతున్నప్పుడు, లండన్ హాల్లోని పండుగ మీద రెండింటికీ ఒకే హక్కు ఉండాలి. ఆ హక్కు చెల్లేది ప్రసారంలోనే.

ఈ విషయంలో మనకి మన అనుభవమే ఉంది. పుష్య బహుళ పంచమి నాడు తమిళనాడులోని తిరువయ్యూరులో, కావేరి ఒడ్డున, త్యాగరాజ పంచరత్న కీర్తనలు వందలాది విద్వాంసులు కలిసి పాడతారు. నాట రాగ కీర్తన సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. ఆ పందిట్లో కూర్చోగలిగే తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారు? ఆకాశవాణి, దూరదర్శన్ ప్రత్యక్ష ప్రసారాలే లేకపోతే, ఆ తెలుగు మాటలు ఆ గొంతుల్లోంచి తెలుగు ఇళ్ళకి అదే పొద్దున చేరేవి కావు. అక్కడి విద్వాంసులతో కలిసి ఇంట్లో గొంతు కలిపేవాళ్ళని పండుగకి బయటివాళ్ళని ఎవరంటారు?

ప్రామ్స్‌ని చూపించే బీబీసీ టీవీ ఛానళ్ళు బ్రిటన్ దాటి మన దాకా రావు. కానీ బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ లైసెన్సు రుసుము కడుతున్నవే. ఆ ఇళ్ళకి ఒక మాట. ఈ వేసవి జెండాల రాత్రి కోసం ఆగకండి. జూలై చివర్లోనో ఆగస్టులోనో ఏదో ఒక మామూలు రాత్రిని ఎంచుకోండి. గదిలో దీపాలు తగ్గించి, ఫోను పక్క గదిలో పెట్టి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక సింఫనీని మొదటి స్వరం నుంచి చివరి చప్పట్ల దాకా చూడండి. ఒక షిల్లింగు టికెట్టుతో న్యూమన్ పిలిచింది మీలాంటి శ్రోతల్నే.