ఇంటిపన్ను నోటీసును కొలిచి చూడవలెను

ఇంటిపన్ను నోటీసు వచ్చినప్పుడు మన యిండ్లలో జరుగునదేమి? రెండు నిమిషములు నిట్టూర్చి, దానిని గోడమేకునకు గ్రుచ్చి, గడువునాటికి సొమ్ము కట్టివేయుదుము. అందలి అంకెలు నిజమో కాదో విచారించు అలవాటు మనకు లేదు. మాకును లేకుండెను. మా పినతల్లిగారికి వచ్చిన నోటీసుతో ఆ యలవాటు కలిగినది.

ఆమె భర్తను పోగొట్టుకొని పదునొకండు సంవత్సరములైనది. ముందు భాగమున తాము కాపురముండి, వెనుకటి రెండు గదులు అద్దెకిచ్చి కాలము గడుపుచున్నారు. ఆ యేడు పన్ను హఠాత్తుగా పెరిగినది. పెరిగిన సొమ్ము ఆమెకు రెండు నెలల మందుల ఖర్చు. అయినను, "అడగబోతే ఇంకా పెంచుతారేమోనే అమ్మా, ఊరుకుందాం" అని ఆమె భయము.

నోటీసులో ఇంటి వైశాల్యము 1,480 చదరపు అడుగులని యున్నది. టేపు ఒక కొన ఆమె మనుమడు, రెండవ కొన మేము పట్టుకొని గోడల వెలుపలినుండి కొలిచితిమి. రెండుమారులు కొలిచినను 1,210 అడుగులే వచ్చినవి. మిగిలిన 270 ఎక్కడివి? మేడమీదికి పోయి చూడగా తెలిసినది. పినతల్లిగారు అప్పడములు ఎండబెట్టుకొను డాబా! దానికి కప్పు లేదు, గోడలు లేవు. కొలిచినవారు దానిని గదిగా వ్రాసికొని పోయినారు.

ఆ మాత్రమునకేమి యని సోదరీమణులకు తోచవచ్చును. పన్ను కట్టు పద్ధతి అన్ని పట్టణములందు ఒక్కటి కాదు. హైదరాబాదులో ఇంటికి రాదగిన అద్దెను బట్టి పన్ను నిర్ణయించుదురు. నివాసగృహములకు ఆ విలువను బట్టి నూటికి 17 మొదలు 30 వరకు రేటు కలదు. ఇంటి వయస్సును బట్టి కొంత తరుగుదల తీసివేయుదురు. ఆంధ్రప్రదేశ్ పట్టణములలోనో 2021 ఏప్రిలు 1 నుండి అద్దె లెక్క పోయి, ఇంటి మూలధనపు విలువ లెక్క వచ్చినది. పద్ధతి ఏదైనను గుణకారము చదరపు అడుగులతోనే. అడుగుకు నెలకొక రూపాయి అద్దె యనుకొందము. 270 అడుగులకు సంవత్సరమునకు 3,240 రూపాయలు. నూటికి 30 చొప్పున, తరుగుదల మాట అటుంచగా, 972 రూపాయల పన్ను. లేని గదికి ఏటేట ఇంత!

కోపము వచ్చి పన్ను మానివేయుట మాత్రము తగదు. హైదరాబాదులో బాకీపై నెలకు నూటికి 2 చొప్పున అపరాధము పడును. ఆ నగరమునకు వర్తించు 1955 నాటి చట్టము ప్రకారము మొదట కమిషనరునకు ఫిర్యాదు చేసికొనవలెను. అచ్చట న్యాయము జరుగనిచో న్యాయాధిపతి కడకు అప్పీలు పోవచ్చును గాని, 15 దినములలో పోవలెను; అడిగిన పన్నును ముందుగా చెల్లించియుండవలెను. ఇతర పట్టణములవారు తమ నోటీసుమీది గడువును చూచుకొని, నోటీసు చేతికందిన తేదీని దానిమీదనే వ్రాసియుంచుకొనుట మంచిది.

పినతల్లిగారి విషయమున మరియొక చిక్కు వచ్చినది. నోటీసు ఇంకను బాబాయిగారి పేరనే వచ్చుచున్నది. చనిపోయినవారు అర్జీ వ్రాయుదురా? మరణ ధ్రువపత్రము, వారసత్వపు కాగితము జతపరచి, పేరు మార్పునకు వేరొక దరఖాస్తు ఇచ్చితిమి. ఇన్ని యేండ్లు ఈ పని చేయకుండుట మా అందరి తప్పే. ఎన్ని యిండ్లలో ఇట్లున్నదో!

అర్జీలో ఏడ్పులు, నిష్ఠురములు వ్రాయలేదు. ఇంటి నెంబరు, నోటీసు తేదీ, వారి కొలత, మా కొలత, తిరిగి కొలిపించవలసినదను కోరిక, ఇంతే. ప్రతి గదికిని పొడవు వెడల్పులు వేసిన చిత్తుపటమును, డాబా ఫోటోను జతచేసితిమి. రెండవ ప్రతిమీద కార్యాలయపు ముద్ర వేయించుకొనువరకు పినతల్లిగారు కిటికీ వద్దనుండి కదలలేదు. ఆమె అంతకుముందెన్నడును ఆ మెట్లెక్కినవారు కారు.

కొన్ని వారములకు ఒక ఉద్యోగి వచ్చి తిరిగి కొలిచెను. డాబాను చూచి మారుమాటాడక కొట్టివేసెను. వీధివైపు బాల్కనీని కూడ తీసివేయుదురని మేమాశించితిమి. అది కప్పుగల భాగము గనుక లెక్కలోనిదే యని ఆయన చెప్పెను. విచారింపగా ఆయన మాటయే నిజమైనది. ఆ బాల్కనీ సంగతి పినతల్లిగారికి ఇప్పటికిని రుచింపదు.

సవరించిన నోటీసు ఆమె పేరనే వచ్చినది. దానిని ఇంటి దస్తావేజులతో కలిపి ట్రంకుపెట్టెలో దాచినారు. మా కొలటేపు మాత్రము మా కింకను తిరిగి రాలేదు. ఎదురింటావిడ తీసికొనిపోయి తమ యిల్లు కొలుచుకొని, ఆ ప్రక్కయింటివారికి ఇచ్చినదట.