రాజు బిడ్డే, రాజ్యమే లేదు

1407లో ఇంగ్లండు రాజు నాలుగో హెన్రీ పదేళ్ల నాటి ఒక పత్రాన్ని తిరిగి ఖాయం చేశాడు. చేస్తూ చేస్తూ అందులో మూడు లాటిన్ మాటలు ఇరికించాడు. వాటి అర్థం ‘రాజపదవి మినహా’ అని. ఆ పత్రం అతని సవతి తమ్ముళ్లకు, చెల్లెలికి సంబంధించినది.

కథ హెన్రీ తండ్రి జాన్ ఆఫ్ గాంట్‌తో మొదలైంది. ఈయన మూడో ఎడ్వర్డు కొడుకు, దేశంలోకెల్లా ధనికుడైన ప్రభువు. భార్య ఉండగానే తన కూతుళ్లను కనిపెట్టుకుని ఉండే కేథరిన్ స్విన్‌ఫర్డ్‌తో సంబంధం పెట్టుకున్నాడు. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు పుట్టారు. వాళ్లకు బోఫర్ట్ అనే ఇంటిపేరు పెట్టారు. పిల్లలంతా ఎదిగాక, ముసలితనం ముంచుకొస్తుండగా, 1396లో జాన్ కేథరిన్‌ని చర్చిలో పెళ్లి చేసుకున్నాడు. ఊరూవాడా ముక్కున వేలేసుకుంది. పోపు మాత్రం ఆ బిడ్డలను సక్రమ సంతానంగా ఒప్పుకున్నాడు. మరుసటి ఏడు రాజు, పార్లమెంటు కూడా ఒప్పుకున్నారు. పదేళ్ల తర్వాత గద్దె మీదున్న హెన్రీకి గుబులు పుట్టింది. సక్రమమైతే రేపు సింహాసనం కూడా అడుగుతారేమో! అందుకే ఆ మూడు మాటలు.

అవి పనిచేశాయా అంటే, డెబ్బై ఎనిమిదేళ్లు పనిచేశాయి. 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో మూడో రిచర్డును ఓడించి కిరీటం పెట్టుకున్న హెన్రీ ట్యూడర్ తల్లి మార్గరెట్ బోఫర్ట్. అంటే జాన్, కేథరిన్‌ల మునిమనవరాలు. ఇంగ్లండు చరిత్రలో అంత పేరు మోసిన ట్యూడర్ వంశానికి రాజరక్తం వచ్చిన దారి, పెళ్లి కాకముందు పుట్టిన ఆ బిడ్డలలో ఒకడి నుంచే.

పత్రికా భాషలో ఇలాంటి పిల్లల్ని ‘అక్రమ సంతానం’ అంటారు. మాట చూడండి, క్రమం తప్పింది పెద్దలు, పేరు పడింది బిడ్డకి. అసలు ఇక్కడ లెక్క రక్తానిది కాదు, పెళ్లిది. మన మహాభారతంలోనే ధృతరాష్ట్రుడు, పాండురాజు, విదురుడు ముగ్గురూ వ్యాసుడికి పుట్టినవాళ్లే. మొదటి ఇద్దరూ రాణుల కడుపున పుట్టారు కనుక రాజ్యానికి వారసులు. విదురుడు దాసి కడుపున పుట్టాడు కనుక, ముగ్గురిలో బుద్ధిమంతుడైనా మంత్రిగానే మిగిలాడు. యూరప్ రాజుల న్యాయం కూడా దీనికి దూరపు చుట్టమే.

అయితే ఆ న్యాయం మొదటినుంచీ ఇంత బిగుతుగా లేదు. నార్మండీ పాలకుడు రాబర్ట్‌కు హెర్లెవా అనే స్త్రీ వల్ల ఫలేజ్ పట్టణంలో విలియం పుట్టాడు. వాళ్లిద్దరికీ పెళ్లి కాలేదు. ఆమె తండ్రి తోళ్లు పదును చేసేవాడని చెప్పుకునేవారు. 1035లో తండ్రి పోయేనాటికి విలియంకి ఏడెనిమిదేళ్లు. అయినా వారసుడు అతనే. ఎత్తిపొడుపులు మాత్రం తప్పలేదు. అతను అలెన్‌సాన్ పట్టణాన్ని ముట్టడించినప్పుడు అక్కడివాళ్లు తల్లి పుట్టింటి వృత్తిని గుర్తుచేస్తూ కోటగోడల మీద తోళ్లు తాటించి గేలి చేశారని, పట్టుకున్నాక వాళ్ల కాళ్లూ చేతులూ నరికించాడని ఆనాటి చరిత్రకారులు రాశారు. 1066లో ఇంగ్లండుని గెలిచాక అతను ‘విజేత విలియం’ అయ్యాడు. ‘అక్రమ సంతానం’ అన్న పాత ఎత్తిపొడుపు వెనక్కి పోయింది.

అతని కొడుకు మొదటి హెన్రీది ఇంకో రికార్డు. పెళ్లి బయట ఇరవై మందికి పైగా బిడ్డల్ని కన్నాడు. ఇంగ్లండు రాజులలో ఇంకెవరూ ఆ లెక్క దాటలేదు. భార్య వల్ల కలిగిన కొడుకు మాత్రం ఒక్కడే. 1120 నవంబరులో ‘వైట్ షిప్’ అనే ఓడ నార్మండీ తీరంలో బండకు కొట్టుకుని మునిగింది. అందులో ఆ ఒక్క కొడుకూ పోయాడు. ఇరవై మందిలో ఇంకో ఇద్దరు కూడా అదే ఓడలో పోయారు. మిగిలినవాళ్లలో రాబర్ట్ ఆఫ్ గ్లోస్టర్ అన్నివిధాలా సమర్థుడు. చదువుకున్నవాడు, యుద్ధం తెలిసినవాడు. కానీ అప్పటికి చర్చి పట్టు పెరిగి, పెళ్లి లేని పుట్టుకకు కిరీటం లేదన్న మాట గట్టిపడింది. రాబర్ట్ కూడా గద్దె అడగలేదు. సవతి చెల్లెలు మటిల్డా పక్షాన నిలబడి, రాజైన స్టీఫెన్‌తో ఏళ్ల తరబడి పోరాడాడు. 1141లో లింకన్ దగ్గర స్టీఫెన్ బందీ అయ్యాడు. అదే ఏడాది రాబర్ట్ కూడా శత్రువులకు చిక్కాడు. చివరికి రాబర్ట్‌ని విడిపించుకోడానికి మటిల్డా పక్షం ఏకంగా రాజునే వదిలేసింది. కిరీటానికి పనికిరానివాడి వెల మాత్రం కిరీటధారితో సరిసమానంగా తూగింది.

1236లో ఇంగ్లండు ప్రభువులు ఈ తలుపుకి ఇంకో గడియ బిగించారు. తల్లిదండ్రులు తర్వాత పెళ్లాడితే ముందు పుట్టిన పిల్లలు సక్రమమవుతారని చర్చి చట్టం చెప్పేది. మర్టన్‌లో చేరిన ప్రభువులు, మా దేశాచారం మార్చం పొమ్మన్నారు. ఆస్తి పంపకాల భయం అది. ఆ పట్టుదల 1926 దాకా సడలలేదు.

అవసరమైతే రాజులే ఆ గడియ తీసేవారు, అవసరం తీరాక వేసేవారు. ఎనిమిదో హెన్రీ మగపిల్లాడి కోసం తపిస్తూ, ఎలిజబెత్ బ్లౌంట్ వల్ల 1519లో పుట్టిన హెన్రీ ఫిట్స్‌రాయ్‌ని ఆరేళ్లకే డ్యూక్‌ని చేశాడు. ఫిట్స్‌రాయ్ అంటే పాత ఫ్రెంచిలో ‘రాజు కొడుకు’, ఇంటిపేరులోనే తండ్రి ఒప్పుకోలు ఉంది. ఆ పిల్లాడు పదిహేడేళ్లకే పోయాడు. మరోపక్క అదే తండ్రి, పెళ్లిళ్లు చెల్లవని తేల్చి, మేరీని, ఎలిజబెత్‌ని చట్టం చేసి మరీ అక్రమ సంతానం అనిపించాడు. ఎలిజబెత్‌కి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. తర్వాత ఇంకో చట్టంతో ఇద్దరినీ వారసత్వంలోకి తెచ్చాడు గాని, ఆ మచ్చ చెరపలేదు. 1558లో రాణి అయ్యాక ఎలిజబెత్ కూడా ఆ పాత చట్టం రద్దు చేయించే పని పెట్టుకోలేదు. నలభై నాలుగేళ్లు ఏలింది.

మచ్చ పోగొట్టుకోవాలని చూసి తల పోగొట్టుకున్నవాడూ ఉన్నాడు. రెండో చార్లెస్‌కి రాణి వల్ల పిల్లలు లేరు, బయట పన్నెండు మందికి తక్కువ లేరు. అందరినీ దగ్గరకు తీశాడు, కొడుకులకు బిరుదులు పంచాడు. నాటకశాలలో నారింజలు అమ్మి, నటిగా ఎదిగిన నెల్ గ్విన్ కొడుక్కీ డ్యూక్ పదవి దక్కింది. పెద్దవాడు మన్మత్ అందగాడు, ప్రొటెస్టెంటు, జనం మెచ్చినవాడు. చార్లెస్ తమ్ముడు జేమ్స్ కాథలిక్కు. కాథలిక్కు రాజంటే దేశం బెదిరే రోజులవి. చార్లెస్ మన్మత్ తల్లి లూసీ వాల్టర్‌ని రహస్యంగా పెళ్లాడాడనీ, రుజువు ఒక నల్లపెట్టెలో ఉందనీ పుకారు లేచింది. ఒక్కమాట ‘అవును’ అంటే చాలు, కొడుకు రాజయ్యేవాడు. చార్లెస్ అనలేదు. రాణిని తప్ప ఎవరినీ పెళ్లాడలేదని బహిరంగంగా ప్రకటించాడు.

1685లో చార్లెస్ పోగానే మన్మత్ లైమ్ రీజిస్ రేవులో దిగి తనే రాజునన్నాడు. వెంట నడిచింది ఎక్కువగా రైతులు, నేతపనివాళ్లు. జూలై 6న సెడ్జ్‌మూర్ బురదనేలలో ఓడిపోయారు. తొమ్మిది రోజుల తర్వాత లండన్‌లో మన్మత్ తల నరికారు. తలారి జాక్ కెచ్ గొడ్డలి ఒక్క వేటుతో పని ముగించలేకపోయింది. అతన్ని నమ్మినవాళ్లలో వందలమందిని ఉరి తీశారు, వందలమందిని వెస్టిండీస్ తోటలకు కూలికి తోలారు. తోలించిన రాజు జేమ్స్ మన్మత్‌కి సొంత బాబాయి.

ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ దీన్ని తలకిందులు చేశాడు. కొడుకు, మనవడు వరసగా చనిపోయి పసివాడైన మునిమనవడు మాత్రం మిగిలేసరికి, ప్రియురాలు మదాం ద మాంటెస్పాన్‌కి పుట్టిన ఇద్దరు కొడుకులకూ సింహాసనార్హత ఇస్తూ 1714లో శాసనం జారీచేశాడు. మరుసటి ఏడే ఆయన పోయాడు. 1717లో ఆ శాసనమూ పోయింది.

మన దేశంలో ఇదే పేచీ ఈస్టిండియా కంపెనీకి సాకుగా పనికొచ్చింది. తంజావూరు ఏలిన మరాఠా రాజు తుక్కోజీ 1736లో చనిపోయాడు. మూడేళ్లలో గద్దె పలు చేతులు మారి 1739లో ప్రతాపసింహుడికి దక్కింది. ఇతను తుక్కోజీ కొడుకే గాని, తల్లి అన్నపూర్ణ పట్టపురాణి కాదు, ఖడ్గవివాహపు భార్య. అంటే పెళ్లిపీటల మీద రాజు బదులు రాజు కత్తి ఉంటుంది. ఇంట్లో భార్యే, శాస్త్రం ముందు మాత్రం సగం భార్య. ఆ మార్పుల్లో పదవి పోగొట్టుకున్న శాహూజీ 1749లో ఇంగ్లిషువాళ్లని ఆశ్రయించి, అసలు హక్కుదారుణ్ణి తనేనన్నాడు. న్యాయం నిలబెడతామంటూ కంపెనీ సేన బయలుదేరింది. మొదటిసారి వట్టి చేతులతో తిరిగొచ్చింది. రెండోసారి కొల్లిడం నది ముఖాన ఉన్న దేవికోట పట్టుకుంది. ఆ దాడిలో కుర్రవాడైన రాబర్ట్ క్లైవు ఉన్నాడు. కోట చేతికి రాగానే కంపెనీకి హక్కుల సంగతి గుర్తులేదు. ప్రతాపసింహుడితోనే రాజీ పడి కోట ఉంచుకుంది, శాహూజీకి భరణం ఇప్పించి పక్కన కూర్చోబెట్టింది.

ప్రతాపసింహుడు 1763 దాకా ఏలాడు. మరాఠీ రాజైనా అతని కొలువులో తెలుగు వెలిగింది. ‘రాధికా సాంత్వనం’ రాసిన ముద్దుపళని ఆ ఆస్థానంలోనిదే. ఆమె వేశ్యాకులంలో పుట్టింది. ఆ పుట్టుకనే ఎత్తిచూపి కందుకూరి వీరేశలింగం లాంటి సంస్కర్త కూడా ఆమె కవిత్వాన్ని ఈసడించారు. పుస్తకాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో తిరిగి అచ్చువేయిస్తే బ్రిటిషు సర్కారు నిషేధించింది. పుట్టుక చూసి కత్తికట్టే అలవాటు రాజుల దగ్గరే ఆగలేదన్నమాట.

ఇదంతా పాతకాలపు గొడవ అనుకుంటే మొనాకో వెళ్లాలి. ఆ బుల్లి రాజ్యంలో యువరాజుగా ఉన్నన్నాళ్లూ లూయీకి పెళ్లే కాలేదు. పుట్టిన ఒక్క కూతురు షార్లెట్ 1898లో అల్జీరియాలో, పెళ్లి లేని సంబంధంలో పుట్టింది. లూయీ తర్వాత రాజ్యం జర్మనీలోని బంధువులకు పోయేటట్టుంది. మొదటి ప్రపంచ యుద్ధపు వేడిలో ఫ్రాన్సుకి అది మింగుడుపడలేదు. దాంతో 1919లో లూయీ సొంత కూతుర్నే దత్తత తీసుకున్నాడు! హాలీవుడ్ తార గ్రేస్ కెల్లీని పెళ్లాడిన రెయినియర్ ఆ షార్లెట్ కొడుకు. ఇప్పటి పాలకుడు ఆల్బర్ట్ ఆమె మనవడు. ఆయన పెళ్లికి ముందు కలిగిన ఇద్దరు బిడ్డల్ని తన పిల్లలేనని ఒప్పుకున్నాడు. గద్దె మాత్రం పెళ్లి తర్వాత 2014లో పుట్టిన కవలలలో మగపిల్లాడిది.

బెల్జియంలో తేల్చింది కోర్టు. కళాకారిణి డెల్ఫిన్ బోయెల్ 1968లో పుట్టింది. ఆమె తండ్రి రెండో ఆల్బర్ట్ రాజేనన్న సంగతి 1999లో వచ్చిన ఒక పుస్తకంతో బయటపడింది. రాజుగా ఉన్నంతకాలం ఆయన మీద దావా నడవదు. 2013లో గద్దె దిగి ఆ రక్షణ పోగానే ఆమె కోర్టుకెక్కింది. డీఎన్‌ఏ పరీక్షకి నమూనా ఇవ్వాలనీ, ఇవ్వకపోతే రోజుకి 5 వేల యూరోల జరిమానా అనీ 2019లో కోర్టు చెప్పాక మాజీ రాజు లొంగాడు. 2020 జనవరిలో తన కూతురేనని ఒప్పుకున్నాడు. ఆ ఏడాది అక్టోబరు 1న బ్రసెల్స్ అప్పీలు కోర్టు ఆమెకి తండ్రి ఇంటిపేరు, రాకుమారి బిరుదు ఇచ్చింది. ఆమె పిల్లలిద్దరికీ కూడా బిరుదు వర్తించింది. బెల్జియం సింహాసనం వరుసలో ఆ ముగ్గురిలో ఎవరి పేరూ లేదు.