201వ యూనిట్ ఖరీదెంత?

సరూర్‌నగర్ రైతుబజార్లో నాలుగు కిలోల టమాటాలు తూయించుకుని, "ఇంకో కిలో వెయ్యమ్మా" అన్నారనుకుందాం. "అలాగైతే ముందు తూచిన నాలుగు కిలోల ధర కూడా పెంచుతా" అని ఆవిడ అంటే ఎవరైనా ఊరుకుంటారా? కరెంటు మీటరు ప్రతి నెలా చేసేది అదే. నెలకు సరిగ్గా 200 యూనిట్లు వాడిన ఇంటికి కరెంటు ఖరీదు 820 రూపాయలు. 201 వాడిన ఇంటికి 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ 207 రూపాయల 70 పైసలు పలికింది.

నిజానికి ఈ కథనంలో ముందుండాల్సింది బ్యాటరీ. "కరెంటు ధరలు మారుతుంటే సోలారూ, బ్యాటరీ ఉన్న ఇళ్ళ సంగతేమిటి? దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్ చూసి శుక్రవారంలోగా ఇవ్వండి" అన్నది డెస్క్ పురమాయింపు. తీరా కాగితాలు ముందేసుకుంటే, రంగురంగుల బ్యాటరీ బ్రోచర్లన్నీ పక్కకు పోయి ఒక్క పట్టిక మిగిలింది. 2022 ఏప్రిల్ 1న తెలంగాణలో అమల్లోకి వచ్చిన ఇళ్ళ కరెంటు టారిఫ్ అది. ఏ కథా లేనట్టు కనిపిస్తుంది కానీ, తూర్పు హైదరాబాద్ మేడల మీద ఏం మొలవాలో నిర్ణయిస్తున్నది అదే.

పట్టిక చదవడానికి కాస్త ఓపిక కావాలి. నెలకు వంద యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 3.10 చొప్పున. వంద దాటి రెండొందల లోపైతే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. రెండొందలు దాటిందా, కింది మెట్లన్నీ మాయం. మొదటి యూనిట్ నుంచే 5.10 మొదలై, 200 పైన 7.70, 300 పైన 9 రూపాయలు, 400 పైన 9.50, 800 పైన 10. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, డ్యూటీ వీటికి అదనం. వందో యూనిట్ దగ్గర కూడా ఇలాంటి గోతే ఉంది: 100 యూనిట్లకు 252.50 పడితే 101కి 344.80.

ఆ రెండొందల గీత మీదే 2024 మార్చిలో గృహజ్యోతి పథకం వచ్చి కూర్చుంది. అర్హత ఉన్న తెల్లకార్డు ఇంట్లో వాడకం 200 లోపుంటే జీరో బిల్లు. దాటితే మొత్తం కట్టాల్సిందే. దాంతో కొన్ని ఇళ్ళలో నెలాఖరు పరీక్షల కాలంలా గడుస్తుంది. మీటర్ దగ్గర టార్చి వేసి అంకె చూడటం, "రీడింగ్‌కి ఇంకా మూడు రోజులుంది, వాషింగ్ మెషీన్ వెయ్యొద్దు" అనడం, ఇస్త్రీ వాయిదా పడటం. మూడంతస్తుల ఇంటికి మూడు మీటర్లు పెట్టించుకోవడం వెనక అద్దెల లెక్క ఎంతో, ఈ స్లాబుల లెక్కా అంతే.

ఇక సోలార్. మలక్‌పేట దాటాక మెట్రోలో కిటికీ వైపు నిలబడితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్‌బీనగర్ స్టేషన్ల మధ్య మేడలు కంటి ఎత్తుకు వస్తాయి. నల్ల నీళ్ళ ట్యాంకుల నడుమ పొడుగు ఇనుప కాళ్ళ మీద నిలబడ్డ నీలం పలకలు అక్కడక్కడా కనిపిస్తాయి. కాళ్ళు అంత పొడుగెందుకంటే, కింద బట్టల తీగ ఉండాలి, ఎండాకాలం వడియాలూ ఆరాలి. ఎండ కోసం పలకకూ వడియానికీ పోటీ పెట్టే ధైర్యం ఇంటి యజమానికి ఉన్నా, ఇంటావిడ ఒప్పుకోవాలి కదా.

నెలకు 420 యూనిట్లు కాల్చే ఇంటిని తీసుకుందాం. రెండు ఏసీలు, గీజర్, నీళ్ళ మోటార్ ఉంటే వేసవిలో ఇది పెద్ద అంకె కాదు. పట్టిక ప్రకారం 2,880 రూపాయలు. మేడ మీద ఒక్కో కిలోవాట్ రోజుకు నాలుగు యూనిట్లిస్తుందనుకుంటే నెలకు 120. నెట్ మీటరింగ్‌లో బిల్లు పడేది గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లలోంచి గ్రిడ్‌కు పంపినవి తీసేశాక మిగిలిన వాటి మీదే. మొదటి కిలోవాట్‌తో బిల్లు 1,790కి దిగుతుంది, ఆదా 1,090. రెండో కిలోవాట్‌తో 724కి, ఆదా 1,066. మూడోదానితో 128 రూపాయల 50 పైసలకు, ఆదా 595.50 మాత్రమే.

మూడో కిలోవాట్ ఎండలో తక్కువేమీ పనిచేయలేదు. మొదటిది 9 రూపాయల యూనిట్లను చెరిపేసింది, రెండోది రెండొందల గోతిని దాటించింది; మూడోదానికి చెరపడానికి చౌక యూనిట్లే మిగిలాయి. చిత్రమేమిటంటే కేంద్రం సబ్సిడీ కూడా అదే దారిలో ఉంది. 2024 ఫిబ్రవరిలో కేబినెట్ ఆమోదించిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున ఇస్తారు, మూడోదానికి 18 వేలే. మొత్తం 78 వేలు దాటదు. కంపెనీని, స్టాండు ఎత్తును బట్టి మూడు కిలోవాట్ల ఖర్చు రెండు లక్షలకు అటూ ఇటూ అనుకుంటే, సబ్సిడీ పోను మిగిలింది ఈ ఇంటికి నాలుగేళ్ళలోపే తిరిగొస్తుంది. నెలకు 190 యూనిట్లు వాడుతూ జీరో బిల్లు అందుకుంటున్న పక్కింటికి మాత్రం ఆ రెండు లక్షలు ఎప్పటికీ తిరిగి రావు. రెండిళ్ళ మీదా ఎండ ఒకటే.

మరి బ్యాటరీ? సబ్సిడీ లెక్కలో దానికి చోటు లేదు. అంతకంటే ముఖ్యంగా, పని లేదు. మధ్యాహ్నం పంపిన యూనిట్ రాత్రి ఒకటికి ఒకటిగా తిరిగొస్తుంటే గ్రిడ్డే పెద్ద బ్యాటరీ, పైగా అద్దె లేనిది. ఇంట్లో బ్యాటరీ పెట్టి పది యూనిట్లు నింపితే తొమ్మిదో, అంతకంటే తక్కువో తిరిగొస్తాయి. మిట్టమధ్యాహ్నం, రాత్రి ఎనిమిది అన్న తేడా తెలంగాణ ఇళ్ళ పట్టికలో లేదు. ఇక్కడ ధర మారేది గడియారాన్ని బట్టి కాదు, యూనిట్ల అంకెను బట్టి.

అయినా కొంటారు, ఎందుకంటే కరెంటు పోతుంది. సోలార్ పెట్టించుకున్న వాళ్ళను బాగా చిరాకు పెట్టే సంగతి ఇదే: బ్యాటరీ లేని మామూలు సోలార్ ఇన్వర్టర్, వీధిలో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఈ ఏర్పాటు. నెత్తిన మండే ఎండ, మేడ నిండా పలకలు, కింద ఆగిన ఫ్యాన్. అందుకే మెట్ల కింద పాత ట్యూబ్యులర్ బ్యాటరీ డిస్టిల్డ్ వాటర్ తాగుతూ ఇంకా బతికే ఉంది. 150 ఏహెచ్, 12 వోల్టులంటే నిండుగా ఉన్నా 1.8 యూనిట్లే. నాలుగు లైట్లకూ, రెండు ఫ్యాన్లకూ చాలు. ఏసీ మాట ఎత్తకూడదు.

గడియారం బిల్లులోకి వస్తే కథ మారుతుందని అమ్మేవాళ్ళు అంటారు. రావాలని రాసి ఉంది కూడా. 2023 జూన్‌లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ నుంచి వేళను బట్టి ధర ఉండాలి: పగలు సోలార్ వేళల్లో కనీసం 20 శాతం తక్కువ, పీక్ వేళల్లో ఇళ్ళలాంటి వాటికి కనీసం పది శాతం ఎక్కువ. అందుకు ముందు స్మార్ట్ మీటర్ కావాలి.

వచ్చిందనే అనుకుందాం. 7.70 యూనిట్ పగలు 6.16, సాయంత్రం 8.47 అవుతుంది. తేడా 2.31. రోజుకు ఐదు యూనిట్లు పగలు దాచి సాయంత్రం వాడితే ఏడాదికి మిగిలేది 4,200 రూపాయల చిల్లర. అన్ని యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీ లక్ష దాటుతుంది. పాతికేళ్ళ దాకా దాని ఖరీదే రాదు, అంతకాలం బ్యాటరీ ఉంటే. ఆ కనీస తేడాతో బ్యాటరీ గిట్టుబాటు కాదు. గిట్టాలంటే తేడా బాగా పెరగాలి, లేదా ఒకటికి ఒకటి అనే నెట్ మీటరింగ్ పోవాలి.

కాలిఫోర్నియా బిల్లు
నెట్ మీటరింగ్ పోతే ఏమవుతుందో ఎల్‌బీనగర్ వాళ్ళకు వీడియో కాల్‌లో చెప్పగల బంధువులు కాలిఫోర్నియాలో చాలామందే ఉంటారు. అక్కడ 2023 ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తు పెట్టిన ఇళ్ళకు, గ్రిడ్‌కు పంపే యూనిట్ విలువ సుమారు నాలుగింట మూడొంతులు తగ్గిపోయింది. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా కరెంటు మరీ ప్రియం. దాంతో కొత్తగా సోలార్ పెట్టేవాళ్ళు బ్యాటరీ కూడా కలిపి కొనడం మామూలైపోయింది.

మేడ ఎవరిది?
అపార్ట్‌మెంట్లలో పది ఫ్లాట్లకు మేడ ఒక్కటే. లిఫ్టు, మోటార్ లాంటి ఉమ్మడి అవసరాలకు సంఘం సోలార్ పెట్టుకుంటే కిలోవాట్‌కు 18 వేల సబ్సిడీ ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పలకల జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. బ్యాటరీలది 18 శాతం.

ఇక్కడి కరెంటు చరిత్ర క్లుప్తంగా: 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం, 1959లో విద్యుత్ బోర్డు, 1999లో దాని ముక్కలు, 2000 ఆగస్టు 28న కరెంటు ధరలపై ఉద్యమంలో బషీర్‌బాగ్ కాల్పులు, 2014లో దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) పేరు ముందు టీఎస్, 2024లో టీజీ. బషీర్‌బాగ్ తర్వాత ఇళ్ళ టారిఫ్ ముట్టుకోవాలంటే ఏ ప్రభుత్వానికైనా చెయ్యి వణుకుతుంది.

అందుకేనేమో, ఈమధ్య ప్రయత్నం పక్కదారిన వచ్చింది. 300 యూనిట్లు దాటిన ఇళ్ళకు ఫిక్స్‌డ్ చార్జీని కిలోవాట్‌కు 10 నుంచి 50 రూపాయలు చేయాలని డిస్కంలు అడిగాయి. 2024 అక్టోబర్ 28న విద్యుత్ నియంత్రణ మండలి 800 దాటిన వాళ్ళకే ఒప్పుకుంది. సోలార్ ఇంటివాళ్ళు కన్నేసి ఉంచాల్సింది దీని మీదే. యూనిట్ ధర ఎంత పెరిగితే పలకకు అంత గిరాకీ. ఫిక్స్‌డ్ చార్జీని మాత్రం ఏ ఎండా కరిగించలేదు.

ఈలోగా నెట్ మీటరింగ్ లెక్క తేల్చేది ఆరు నెలలకోసారి. జనవరి, ఫిబ్రవరిలో మిగిలిన యూనిట్లు ఖాతాలో ఉండి ఏప్రిల్, మే ఏసీలకు ఆసరా అవుతాయి. జూన్ చివర ఇంకా మిగిలి ఉంటే డిస్కం తన సగటు కొనుగోలు ధర కట్టి తీసేసుకుంటుంది. జూలైలో ఖాతా సున్నాతో మొదలయ్యేసరికి కర్మన్‌ఘాట్, వనస్థలిపురం మేడల మీద మబ్బు పట్టి ఉంటుంది.