వెన్నెముకకు పాకిన క్యాన్సర్: ఆపరేషన్ ఎంతవరకు క్షేమం?



ఈసారి గూళ్ల రేటు, ఆకు తెగుళ్లు పక్కన పెట్టి ఒంటి సంగతి రాస్తా ఉన్నాను. మన మండికల్ చుట్టుపక్కల నడుము నొప్పి లేని ఇల్లు తక్కువ. ఆకు మోపులు మోసి వచ్చిందంటాం, లేదంటే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అంటాం. చాలామందికి అది నిజమే. అయితే రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రొస్టేట్, కిడ్నీ, థైరాయిడ్ క్యాన్సర్ ఒకసారి వచ్చినోళ్లకు కొత్తగా నడుము నొప్పి వస్తే లెక్క వేరే. ఈ క్యాన్సర్లు వెన్నుపూసల్లోకి పాకే గుణం ఉన్నవి.

గుర్తులు ఇవి: పడుకున్నా తగ్గదు, రాత్రిపూట ఎక్కువవుతుంది. ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టు ఉంటుంది. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, అడుగు తడబడుతుంది, ఒంటేలు సరిగా రాదు. ఇలా ఉంటే తైలం పెట్టి నడుము తొక్కించొద్దండి, మెత్తబడిన పూస కుంగిపోతుంది. ఆ రోజే ఎమ్మారై తీయించాల.

ఇంక ఆపరేషన్. దీనివల్ల క్యాన్సర్ పోదు. ఈ మాట ముందే తెలుసుకోవాల. నరాల తాడును నొక్కే గడ్డను తీసి, రాడ్లు, స్క్రూలతో పూసలను నిలబెడతారు. నడక, ఒంటేలు మీద పట్టు నిలబడాలనీ, నొప్పి తగ్గాలనీ చేసేది. తర్వాత రేడియేషన్ ఇస్తారు.

అమెరికాలో డాక్టర్ ప్యాచెల్ బృందం 101 మంది రోగులను రెండు గుంపులు చేసి చూసి, 2005లో ఫలితం ప్రకటించింది. ఆపరేషన్, రేడియేషన్ రెండూ చేసినవాళ్లలో నూటికి 84 మంది నడవగలిగారు. ఒక్క రేడియేషనే ఇచ్చినవాళ్లలో 57 మందే. అయితే కాళ్లు పూర్తిగా పడిపోయి 48 గంటలు దాటినోళ్లను ఆ పరీక్షలో చేర్చుకోలేదు.

మనకు ముఖ్యమైంది ఇదే. నాలుగో జ్వరం లేచిన పురుగుకు మేత వేసే వారం రోజులు మనం ఇల్లు కదలం. "గూడు కట్టినాక పోదాంలే" అంటాం. ఈ జబ్బులో ఆ వారంలోనే కాళ్లు పోవచ్చు.

అపాయాలూ ఉన్నాయి. కిడ్నీ, థైరాయిడ్ గడ్డలకు రక్తం ఎక్కువ పోతుంది. ముందే రేడియేషన్ తీసుకున్న చోట కోస్తే గాయం మానడం కష్టం, చీము పట్టొచ్చు. షుగర్ ఉన్నోళ్లకు, బాగా నీరసించినోళ్లకు అపాయం ఇంకా ఎక్కువ. లింఫోమా, మైలోమా మాదిరివి రేడియేషన్‌కు, మందులకు బాగా కరుగుతాయి, వాటికి చాలాసార్లు కత్తి పెట్టే పని ఉండదు. ఆయుస్సు కొద్ది వారాలే అని తోస్తే డాక్టర్లే వద్దంటారు.

డాక్టర్‌ని అడగాల్సినవి:
1. ఆపరేషన్ చేయకుంటే నడక ఏమవుతుంది?
2. ముందు ఆపరేషనా, రేడియేషనా? ఎందుకు?
3. మా మనిషి ఒంటికి ఆ బలం ఉందా?
4. ఇంటికొచ్చినాక ఎన్ని వారాలు చూసుకోవాల?

షుగర్ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే దాచకుండా చెప్పండి.

బెంగళూరులో కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి సర్కారుదే. బీపీఎల్ కార్డు ఉంటే ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా సాయం ఉంది. కార్డు, ఆధార్, పాత రిపోర్టులు ఒకే సంచిలో పెట్టుకోండి.

పురుగుకు మేత వేసేదానికి పక్కింటోళ్లు ఉంటారు. కాళ్లలో బలం తగ్గిన రోజే బయలుదేరండి.